వాద్యమునకు తగిన చోటు

వాద్యమును వాయించుట యొక విద్య. ఆ వాద్యమును వాయించువారి యెదుట తగినచోట నిలుపుకొనుట యింకొక విద్య. మొదటిదానిని నేర్పువారు పెక్కండ్రు గలరు. రెండవదాని మాట యెత్తువారు తక్కువ. గృహిణులమైన మనకు ఈ సంగతి క్రొత్తది కాదు. రోటియొద్ద పీట జానెడు దూరము జరిగినచో పిండి రుబ్బుదానికి నడుము పట్టివేయును. తిరుగలి యెదుట కూర్చుండు తీరు కుదరకున్నచో భుజము లాగును. కత్తిపీట వంకరగా నున్నచో వేలు తెగును. పని యెంత బాగుగా వచ్చినను, పనిముట్టు మన మేనికి కుదిరి యుండనిచో, ఆ పని మనకు చేతకానట్లే లోకమునకు కనబడును. ఈ మాసమున మేము వ్రాయబూనినది స్నేరు డ్రమ్మను వాద్యమును గూర్చి. పేరు చూచి పుట త్రిప్పివేయవలదని సోదరీమణులను వేడుచున్నాము. ఇదియును రోటిపీట సంగతియే.

మాది కొండపల్లి. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. వారియొద్ద చదువుకొన్న యువకు డొకడు పెండ్లిండ్లలో పాటకచ్చేరీలు చేయు బృందమున డ్రమ్ములు వాయించి జీవించువాడు. నిరుడు సంక్రాంతి వెళ్లిన పిమ్మట అతనికి హైదరాబాదులో పని దొరకెను. అచటి అద్దెగది మిక్కిలి యిరుకు. "మాస్టారూ, ఓ యేడాదిపాటు నా డ్రమ్ములు మీ వసారాలో ఉంచుకోండి. గుడ్డ కప్పి పెడితే చాలు" అని యతడు కోరగా మా వారు కాదనలేకపోయిరి. అట్లు మా పెరటివసారాలోనికి ఆ వాద్యములు వచ్చి చేరినవి. అతడే వచ్చి, అన్నిటిని తాను వాయించునట్లు అమర్చి, ఒకసారి వాయించి చూపి, గుడ్డ కప్పి పోయెను.

మా పెద్దమ్మాయికి పదుమూడేండ్లు. మొదటిదినమున గుడ్డ యంచు నెత్తి చూచినది. మఱునాడు వ్రేలితో మీటినది. వారము తిరుగకమునుపే నేర్చుకొందునని పట్టుపట్టినది. ఫోనులో అడుగగా ఆ యువకుడు సంతోషముతో ననుమతించెను. విజయవాడలో ఒక బోధకునియొద్ద ఆదివారములందు పాఠము కుదిర్చితిమి. తక్కినదినములలో ఇంటియొద్ద అభ్యాసము.

ఈ వాద్యముల నెఱుగని సోదరీమణులకొఱకు వాని పేర్లు చెప్పెదము. డ్రమ్ముసెట్టనగా ఒక్కరే కూర్చుండి రెండు చేతులతో రెండు పాదములతో వాయించు వాద్యసమూహము. ప్రక్కకు వాల్చిన పెద్ద పీపావలె నుండునది బేస్ డ్రమ్ము. కుడిపాదముతో మీటను త్రొక్కి దానిని వాయింతురు. ఎడమపాదముతో త్రొక్కిన నొకదానినొకటి తాకు జంటతాళములు హైహాట్ అనబడును. ఎదుట చిన్నవి టామ్‌లు, కుడివైపున మూడుకాళ్లపై నిలుచునది ఫ్లోర్ టామ్, పైన సింబల్‌లను కంచు తాళములు. వీనియన్నిటి నడుమ, వాయించువారి మోకాళ్లమధ్య, నిలుచునది స్నేరు డ్రమ్ము. పాట నడచునంతసేపు చేతికి విశ్రాంతి లేకుండ తగులుచుండునది ఇదియే.

స్నేరు డ్రమ్ము సాధారణముగా 14 అంగుళముల అడ్డము, 5 మొదలు ఆఱున్నర అంగుళములవఱకు లోతు గలది. దెబ్బ తగులు పైపొర మందము, అడుగుపొర పలుచన. ఆ యడుగుపొరను తాకుచు సన్నని లోహపుతీగల వరుస యుండును. పైన కొట్టినప్పు డా తీగలు అడుగుపొరపై అదరి, తాటియాకు పందిరిపై వడగండ్లు పడినట్టి ధ్వని పుట్టించును. ప్రక్కనున్న చిన్నమీటను వదలినచో తీగలు దిగిపోయి, ధ్వని మామూలు డోలువలె నగును. తీగలే యీ వాద్యమునకు ప్రాణము, పేరును వానినిబట్టి వచ్చినదే.

చిన్ననాట మా తండ్రిగారు మాచేత అమరము వల్లె వేయించిరి. అందు నాట్యవర్గమున మృదంగభేదములు మూడు చెప్పబడినవి. అంక్యము, ఆలింగ్యము, ఊర్ధ్వకము. ఒడిలో నుంచుకొనునది అంక్యము. కౌగిలించుకొన్నట్లు పట్టుకొనునది ఆలింగ్యము. నిలువుగా నిలుపునది ఊర్ధ్వకము. ఈ పేర్లు కొయ్యనుబట్టి వచ్చినవి కావు, తోలునుబట్టి వచ్చినవి కావు. వాయించువారి మేనికి వాద్య మే తావున నుండునో దానినిబట్టి వచ్చినవి. భరతుని నాట్యశాస్త్రమునందును పుష్కరవాద్యములకు ఈ విభాగమే కలదు. కొలనిలోని తామరాకులపై వానధారలు పడు చప్పుడు విని స్వాతిమహర్షి యా వాద్యములను కల్పించెనని అందలి కథ. వాద్యముండు చోటు పెద్దలకు ఎంత ముఖ్యముగా తోచినదో ఈ మూడు పేర్లే చెప్పుచున్నవి.

నేటి మన వాద్యములను చూచినను ఇంతే. మృదంగమును వాయించువారు మఠము వేసికొని కూర్చుండి, కుడిపాదమును కొంచెము ముందునకు జరిపి, వాద్యము జారకుండ గుడ్డయుంచి దానిపై ఆనించుకొందురు. ఆ పాద మెచట నుండవలెనో గురువు చూపి కూర్చుండబెట్టినగాని మొదటి పాఠము సాగదు. కూచిపూడి భాగవతులు తరతరములుగా ఆడిన ఆటకు మృదంగమే ఊపిరి. డప్పు వాయించువారు దానిని ఎడమచేతికిని రొమ్మునకును నడుమ ఆనించి, ఎడమచేత సన్నని సిటికెనపుల్లను, కుడిచేత మందపు సిఱ్ఱను పట్టుదురు. బుఱ్ఱకథలో వంతపాట పాడువారు గుమ్మెటలను మెడనుండి వ్రేలవేసికొని చంకక్రిందికి తెచ్చుకొందురు. ఎవరును ఇంకొకరి మేనికొలతతో తమ వాద్యమును పట్టుకొనరు.

స్నేరు డ్రమ్మునకు మాత్రము ఒక పాతచరిత్ర యడ్డుపడుచున్నది. అది మొదట కూర్చుండి వాయించు వాద్యము కాదు. ఐరోపాఖండమున కాలిబంట్ల దండులలో, భుజమునుండి తోలుపట్టెతో వ్రేలాడి, ఎడమతొడపై వాలి, సైనికులతో నడచినది. ప్రక్కన నుండుటచే దానికి సైడు డ్రమ్మని పేరు; మన బ్యాండుమేళములవారు నేటికిని ఆ పేరే వాడుదురు. అట్లు వ్రేలాడునప్పుడు పైముఖము కుడివైపునకు వాలియుండును గావున, ఎడమచేతికఱ్ఱను అరచేయి పైకి కనబడునట్లు పట్టుకొనుట వాడుకయైనది. మా కొండపల్లి కోటను 1766వ సంవత్సరమున ఇంగ్లీషు కంపెనీవారు వశపఱచుకొని, పిమ్మట అచట సైనికులకు శిక్షణ నిచ్చు తావు నేర్పఱచిరి. ఆ దండులలో అడుగునకు తాళము చూపునది ఇట్టి డ్రమ్మే. పల్లకి ముందు నడచు బ్యాండుమేళములోనికి అది దండులనుండి దిగివచ్చినదే.

కూర్చుండి వాయించుట తరువాతి సంగతి. పందొమ్మిదవ శతాబ్దిలో పాశ్చాత్య నాటకశాలలందు ఒకరు పెద్ద డ్రమ్మును, ఇంకొకరు సైడు డ్రమ్మును వాయించెడివారు. చోటు చాలక, జీతములు చాలక, ఆ రెండుపనులు ఒక్కనిపై బడినవి. సైడు డ్రమ్మును కుర్చీమీద వాల్చి వాయించిన వారును గలరు. పెద్ద డ్రమ్మును పాదముతో వాయించు మీటలను కొందఱు చేసి చూచిరి. అమెరికాలోని షికాగో నగరమున లుడ్విగ్ సోదరులు 1909లో వాడుకకు కుదిరిన మీటను చేసి అమ్మకమునకు తెచ్చిన పిమ్మట ఒక్కరే రెంటిని వాయించుట సులువయ్యెను. సైడు డ్రమ్ము మూడుకాళ్ల స్టాండుపై నెక్కి మోకాళ్లనడుమ చేరినది. తొడపై వాలిన పాతయలవాటు మాత్రము కొందఱిని వదలలేదు. మా వసారాలోని స్నేరు డ్రమ్మును ఆ యువకు డట్లే కుడివైపునకు వాల్చి యుంచెను. అతడు ఎడమచేతికఱ్ఱను అరచేయి పైకి పట్టువాడు గావున అతనికది సరిపోవును.

ఇక మా యింటి సంగతి. పాఠములు మొదలిడిన మూడుమాసములకు అమ్మాయికి మణికట్లు నొప్పియని చెప్ప నారంభించినది. పిమ్మట కుడిభుజము. పిమ్మట అన్నము కలుపుటకు చేయి కదలక చెంచా అడిగినది. త్రైమాసికపరీక్షలలో చేయి నడువక రెండు ప్రశ్నలు వదలివచ్చినది. వైద్యుడు చూచి, ఎముకకు దోషము లేదు, నరములు అలసినవి, పదునైదుదినములు వాయింపవలదనెను. పాఠము చెప్పు బోధకుని అడుగగా, "ఆడపిల్ల చేతుల్లో ఆ బలం ఉండదండీ. సరదాకి నేర్చుకోనివ్వండి, అంతే" అని తేల్చివేసెను.

ఆ మాట యింటిలో ప్రాకినది. వచ్చిన చుట్టములందఱు దానినే తిరిగి పలికిరి. కాళ్లు ఎడముగా పెట్టి కూర్చుండు విద్య ఆడపిల్లకేలనని ఒకరు, వీణయో వయొలినో చెప్పింపరాదాయని ఇంకొకరు. మా వారు కోపిష్ఠులు కారు, పాతకాలపువారును కారు. ఐనను బిడ్డ చెంచాతో అన్నము తినుట చూడలేక, దసరాసెలవులలో ఆ సంగతి ముగించి డ్రమ్ములకు మరల గుడ్డ కప్పుదమనిరి. అమ్మాయి యెదురు చెప్పలేదు. తనకు బలము లేదని అదియును నమ్మినది. మాకు బాధ కలిగించినది ఆ నమ్మకమే. ఒక వాద్యము పోయిన మఱియొకటి వచ్చును. నా చేతులే యింతయని పదుమూడేండ్ల బిడ్డ నిశ్చయించుకొన్నచో ఆ మాట మఱునాడు లెక్కలపాఠమునకును తగులును, ఎల్లుండి బ్రతుకునకును తగులును.

మా అత్తగారికి డెబ్బదియేండ్లు దాటినవి. సంగీతమున ఆమెకు రుచి లేదు. పదునైదుదినముల విశ్రాంతి ముగిసిన పిమ్మట అమ్మాయి యొకసారి తుదిగా వాయించి చూచుచుండగా, ఆమె వసారాగడపపై చిక్కుడుకాయల యీనెలు తీయుచు కూర్చుండి, కొంతసేపు చూచి, మాతో నిట్లనెను: "అమ్మాయీ, దీనికి చేతకాకపోవటం కాదే. రోలు ఎత్తయింది. భుజాలు చెవులకంటుతున్నాయి చూడు."

చూచితిమి. నిజమే. స్టూలును అమ్మాయి తన పాదములు మీటలకు అందునట్లు తానే దించుకొన్నది. డ్రమ్మును మాత్రము ముట్టలేదు. పరుల సొత్తు, మరలు త్రిప్పిన నేమగునో యను భయము. పాఠము చెప్పుచోట సయితము అందఱు పిల్లలకు ఒకే యెత్తున బిగించి యుంచిన డ్రమ్మే గావున, అది యట్లే యుండవలెనని తలంపు. కుట్టుపని టేపు తెచ్చి కొలిచితిమి. స్టూలు నేలనుండి 18 అంగుళములు. డ్రమ్ము పైయంచు 28 అంగుళములు. కూర్చున్న బిడ్డ తొడకును డ్రమ్ము అంచునకును నడుమ జానెడు ఎడము. దానిని అందుకొనుటకు భుజములు పైకెత్తి, మణికట్లు వెనుకకు విఱిచి, గంటలకొలది కొట్టుచున్నది. పైగా ముఖము కుడివైపునకు వాలియుండుట. అమ్మాయి రెండు చేతులతోను అరచేయి క్రిందికి వచ్చునట్లు కఱ్ఱలు పట్టునది. ఆ పట్టునకు ఆ వాలుతో పనిలేదు.

ఆ యువకునికి ఫోను చేసితిమి. "అయ్యో అమ్మగారూ, ఆ స్టాండు నా ఎత్తుకి బిగించింది. నేను అయిదడుగుల పదకొండు అంగుళాలు. మరలు వదులు చేసి పాపకి సరిపోయేట్టు దించండి, ఏమీ కాదు. ముందు స్టూలు, తర్వాత కాళ్లు, ఆ తర్వాతే స్నేరు. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి" అని అతడు చెప్పెను. పిమ్మట ఒక గంటసేపు ఫోనులో చూచుచు, ఒక్కొక్కమరను మాచేత త్రిప్పించెను. ఆ క్రమమునే సోదరీమణులకు వివరించెదము. ఇంట నెవరైన ఈ వాద్యమును నేర్చుచున్న పిల్లలున్నచో పనికివచ్చును.

మొదట స్టూలు. దానిపై కూర్చుండగా పాదములు నేలను పూర్తిగా తాకవలెను. మోకాళ్లు తుంటికంటె కొంచెము దిగువగా నుండవలెను. మోకాళ్లు పైకి వచ్చినచో నడుము వంగును. కాళ్లు వ్రేలాడినచో పాదములకు పట్టు చిక్కదు. వీపు నిటారుగా నుండి, ఊపిరి సులువుగా ఆడవలెను. స్టూలు కుదరకముందు తక్కినవానిని ముట్టరాదు.

రెండవది పాదములు. కన్నులు మూసికొని, ఎదుట ఏమియు లేనట్లు, కాళ్లు సహజముగా ఎంత యెడముగా నిలుచునో చూచుకొని, కుడిపాదము క్రిందికి బేస్ డ్రమ్ము మీటను, ఎడమపాదము క్రిందికి హైహాట్ మీటను తేవలెను. పాదము మీటను వెదకికొని పోరాదు. మీటయే పాదమును వెదకికొని రావలెను.

మూడవది స్నేరు డ్రమ్ము. అది తొడల నడుమ, నాభికి ఎదురుగా నిలువవలెను. దాని యెత్తు తెలిసికొను నుపాయ మిది: భుజములను వదలి చేతులను వ్రేలాడనిచ్చి, మోచేతులను ప్రక్కలకు దగ్గఱగా నుంచి, ముంజేతులను మాత్రము పైకెత్తి కఱ్ఱలు పట్టవలెను. ముంజేతులు నేలకు సమముగా గాని, వ్రేళ్లవైపు రవంత దిగువగా గాని యుండును. అప్పుడు కఱ్ఱల కొన లెచట కలియునో అచటికి డ్రమ్ము నడిబొడ్డు రావలెను. సామాన్యముగా పైయంచు తొడకంటె రెండుమూడు అంగుళములు ఎత్తుగా నుండును. మఱింత దిగువైనచో కఱ్ఱ తొడకు తగిలి కమిలిపోవును. ఎత్తైనచో భుజములు లేచును. మా అమ్మాయికి 24 అంగుళములవద్ద కుదిరినది. నాలుగంగుళములు! బలము లేదన్నమాటకు మూలమంతయు ఆ నాలుగంగుళములలో నున్నది.

నాలుగవది వాలు. రెండుచేతులను ఒకేతీరున పట్టువారికి డ్రమ్ము సమముగా గాని, రవంత తమవైపునకు వాలి గాని యుండిన చాలును. అరచేయి పైకి పట్టువారు కుడివైపునకు వాల్చుకొందురు. ఏ వాలైనను కఱ్ఱ అంచునకు తగులక నడుమ పడుచున్నదా యని చూచుకొనవలెను.

ఐదవది స్టాండుపట్టు. స్టాండునకు పైన మూడు చేతులుండును. అవి డ్రమ్మును జాఱకుండ పట్టుకొన్న చాలును. గట్టిగా బిగించినచో గొంతు నొక్కినట్లు ధ్వని మూగవోవును. అడుగుతీగలపై ఆ చేతులు పడకుండ డ్రమ్మును త్రిప్పి యుంచవలెను. తీగలను వదలు చిన్నమీట ఎడమచేతికి తడవుకొనకుండ అందవలెను. ప్రక్కనున్న టామ్ కొట్టినప్పుడు స్నేరు తీగలు తమంతట తాము గలగలలాడుట కొంత సహజము. మృదువైన పాటలలో అది వినబడకుండ ఆ మీటతో తీగలను వదలుదురు.

అటు పిమ్మట హైహాట్, టామ్‌లు, తాళములు ఒక్కొక్కటిగా స్నేరు చుట్టును చేరును. దేనిని అందుకొనుటకును భుజము ముందునకు సాగరాదు. ఎడమచేతివాటము గలవారు ఈ యమరికనంతయు అద్దములోనివలె త్రిప్పి పెట్టుకొందురు. అమరిక కుదిరిన పిమ్మట స్టాండుకాళ్లున్నచోట చాపపై గుర్తులు పెట్టి, కడ్డీపై ఎత్తునకు రంగు కాగితపుపట్టీ అంటింపవలెను. పిల్లలు ఎదుగుచుందురు గావున ఆఱుమాసముల కొకసారి మరల కొలువవలెను. గౌనుపొడవు చూచుకొను తల్లి దీనిని మఱవదు.

మా ఊరి బొమ్మలు లోకప్రసిద్ధములు. తెల్లపొణికికఱ్ఱతో మేను నొకటిగా, చేతులను వేఱుగా చెక్కి, చింతగింజలపొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి రంగులు వేయుదురు. మేళగాండ్ర బొమ్మను చేయు ఒక పెద్దమనిషిని, మేము డోలును ఎప్పు డతుకుదురని అడిగితిమి. "చేతులు కుదిరాక కదమ్మా డోలు. ముందే డోలు పెడితే చేతులు విరగ్గొట్టాలి" అని యతడు నవ్వెను. కఱ్ఱబొమ్మ విషయమున పాటించు నియమమును కన్నబిడ్డ విషయమున పాటింపవలదా?

చెవుల సంగతియు చెప్పవలెను. స్నేరు డ్రమ్ము ధ్వని వాయించువారి చెవియొద్ద 100 డెసిబెల్‌లను దాటగలదు. 85 డెసిబెల్‌ల చప్పుడును దినమునకు 8 గంటలకు మించి వినరాదని, ప్రతి 3 డెసిబెల్‌ల పెంపునకు ఆ కాలము సగమగునని అమెరికాలోని వృత్త్యారోగ్యసంస్థవారి సూచన. ఆ లెక్కను 100 డెసిబెల్‌లకు పావుగంటయే. కావున అభ్యాసమప్పుడు చెవులకు రబ్బరుబిరడాలు పెట్టుట విధి. మే మింట స్నేరుపై మడత పెట్టిన తువాలు పఱచి వాయింపించుచున్నాము. ఇరుగుపొరుగులకును నిద్ర పట్టును, బిడ్డ చెవులును నిలుచును. పసిబిడ్డలను ఆ గదిలో నుంచరాదు.

ఇది ఆడువారి విద్య కాదను మాటకు ప్రత్యుత్తరము లోకమే యిచ్చియున్నది. అమెరికాలో వయొలా స్మిత్ అను నామె 1912లో పుట్టి 2020లో 107 ఏండ్ల వయస్సున గతించినది. ఆమె తన అక్కచెల్లెండ్ర బృందమున డ్రమ్ములు వాయించి పేరుపొందినది. రెండు పెద్ద టామ్‌లను భుజముల యెత్తున ఇరువైపుల నిలుపుకొనుట ఆమె గుర్తు. తన మేనికి, తన వాయింపునకు ఏది కుదురునో ఆమె తానే నిర్ణయించుకొన్నది. 1942లో స్త్రీవాద్యకారులకు అవకాశ మిండని పత్రికలో వ్యాసము వ్రాసినది. అంతదూర మేల? మన ఏలూరులో పుట్టి, తండ్రి నిడుమోలు రాఘవయ్యగారియొద్ద మృదంగము నేర్చి, దండమూడి రామమోహనరావుగారి శిష్యురాలై, పిమ్మట ఆయన నర్ధాంగియైన దండమూడి సుమతిగారు 2021లో పద్మశ్రీ బిరుద మందుకొనిరి. ఆమె వ్రేళ్లలో బలమున్నదో లేదో మృదంగమే చెప్పును.

డ్రమ్ము దించిన నాడే నొప్పి మాయమైనదని చెప్పుట సత్యము కాదు. మొదటివారమున పదినిమిషములు, రెండవవారమున పావుగంట. నొప్పి తోచినతోడనే కఱ్ఱలు క్రింద నుంచవలెనని వైద్యుని యాజ్ఞ. రెండుమాసములకు అమ్మాయి చెంచా మాని చేతితో కలుపుకొని తినినది. నేటికిని అరగంట దాటినచో కుడిభుజము బరువెక్కునని చెప్పును; అప్పుడు మానును. మా వారు డ్రమ్ములకు గుడ్డ కప్పు మాట మరల నెత్తలేదు. పైగా దించిన స్టాండును, ఎత్తిన స్టాండును కొలతలతో బొమ్మవేసి, తమ తరగతిపిల్లలకు కోణముల పాఠము చెప్పుటకు పట్టుకొనిపోయిరి.

నగరమునందలి పాఠపుగదిలో మాత్రము చిక్కు తీరలేదు. అచటి డ్రమ్ము పెద్దవారి యెత్తుననే యుండెను. తరువాతి ఆదివారము మేమే అమ్మాయితో రైలులో వెళ్లితిమి. టేపు సంచిలో నున్నది. దించుకొనవచ్చునాయని అడుగగా, అందఱికి ఒకటే యెత్తని బోధకుడు మొదట సందేహించెను. మూడునిమిషములలో దించి, పాఠము ముగియగనే మరల యథాస్థానమున బిగించి పోవుదుమని చెప్పితిమి. సరేయనెను. ఆనాటినుండి అమ్మాయి పాఠమునకు ఐదునిమిషములు ముందుగా పోయి తన కొలత పెట్టుకొనుచున్నది. మూడవ ఆదివారమున పదియేండ్ల పిల్లవాడొకడు దానియొద్దకు వచ్చి, "అక్కా, నాకూ దించవా?" అని యడిగెనట. అతడు మగపిల్లవాడే. అతనికిని భుజములు నొచ్చుచుండెనట.

సంక్రాంతికి ఆ యువకుడు వచ్చి తన డ్రమ్ములను తీసికొనిపోవును. పెద్దగది దొరకినదట. అమ్మాయి అందుకు బెంగపడుచున్నదిగాని, మునుపటివలె కాదు. దాని లెక్కపుస్తకపు చివరిపుటలో స్టూలు 18, స్నేరు 24, మీటలనడుమ ఎడ మింత, తాళము లింతయెత్తని వ్రాసికొన్నది. పైన తేదీయు, తన యెత్తును వేసికొన్నది. ఏ యూర, ఎవరి డ్రమ్ముల యెదుట కూర్చున్నను ఆ పుట తెఱచిన చాలును.

సోదరీమణులారా, మీ యింట బిడ్డకు కుట్టుమిషను మీది పని రాలేదన్నను, సైకిలు రాలేదన్నను, బల్లపై వ్రాత కుదరలేదన్నను, తొందరపడి దాని చేతులను నిందింపకుడు. మొదట టేపు తీసి కొలువుడు.